మెజెంటా మళ్లీ మొండికేసింది: తొమ్మిదో రోజు లెక్క

ఇవాళ పొద్దున నా ప్రింటర్‌లో మెజెంటా (ముదురు గులాబీ రంగు ఇంకు) పేజీ పై అంచు నుంచి కింది అంచు దాకా నిండుగా వచ్చింది. 29 సెంటీమీటర్లు, ఎక్కడా పలచబడలేదు. కేక పెట్టినంత పని చేశాను. సాయంత్రం మళ్లీ కూర్చుంటే ఆరో పేజీకి చారలు మొదలయ్యాయి. తల పట్టుకుని ఈ లెక్క రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం: ఇది మా బావ వదిలించుకున్న ట్యాంక్ ప్రింటర్, ట్యాంకులు పక్కన తగిలించే పాత రకం. మార్చి నుంచి మే ఆఖరు దాకా కరీంనగర్ ఎండలో, కిటికీ పక్కన, ఒక్క పేజీ కూడా వేయకుండా పడి ఉంది. నలుపు, సయాన్ (నీలం), పసుపు ఒక్క రాత్రి నానబెడితే దారికొచ్చాయి. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా మెజెంటాతోనే. రిపేర్ షాపు తమ్ముడు మూత తీసి చూసి, "హెడ్ ఖతం అన్నా. హెడ్ పైసలకు ఇంకింత కలిపితే కొత్తదే వస్తది" అన్నాడు. హెడ్ అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం. నాకు నమ్మబుద్ధి కాలేదు. నాజిల్ చెక్‌లో (హెడ్‌లోని ఒక్కో సన్న రంధ్రం, అంటే నాజిల్, ఒక్కో గీత గీసే పరీక్ష పేజీ) 59 గీతలకు 56 వస్తున్నాయి. రాని మూడూ ప్రతిసారీ అవే మూడు, అంటే ఆ మూడు నిజంగానే పూడుకుపోయాయి. కానీ 56 వచ్చే హెడ్ పేజీ మధ్యలో ఎందుకు చచ్చిపోతుంది?

స్కేలు పెట్టి కొలిచాను. పేజీ నిండా మెజెంటా ఒక్కటే వేస్తే మొదటి పేజీలో 21 సెంటీమీటర్ల దాకా బాగుంది, తర్వాత పలచబడింది. రెండో పేజీ 9 దగ్గరే ఆగింది. మూడోది దాదాపు తెల్ల కాగితమే. క్లీనింగ్ ఏమీ చేయకుండా 20 నిమిషాలు వదిలేసి వేస్తే మళ్లీ 20 సెంటీమీటర్లు! పూడుకున్న నాజిల్ విశ్రాంతి ఇస్తే తెరుచుకోదు కదా. హెడ్ తాగుతున్నంత వేగంగా ఇంకు అందడం లేదన్నమాట.

పోయిన ఏడాది బతుకమ్మ ఫొటో వేసి చూశాను. పై వరుసలో గులాబీ రంగు అద్దిన గునుగు బాగానే వచ్చింది. కింది వరుసలకొచ్చేసరికి అదే గునుగు అప్పుడే చేనులో కోసుకొచ్చినట్టు తెల్లగా ఉంది. నారింజ బంతులన్నీ పసుపు బంతులైపోయాయి.

మొదటి అనుమానం ట్యాంకు గాలి రంధ్రం మీద. మూత తీసేసి వేశాను, 22 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు తేడా లెక్కలోకి రాదు. అది కాదు.

రెండోది ఎత్తు. రెండు లాంగ్ నోట్‌బుక్కులు పెట్టి ట్యాంకును 3 సెంటీమీటర్లు లేపాను. పేజీ మొత్తం వచ్చేసింది! ఆ సంబరంలో అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాను. ట్యాంకును హెడ్ కంటే కిందుగా పెట్టేది ఇంకు దానంతటదే కారకుండా ఉండటానికేనని తెలిసి కూడా. వచ్చేసరికి ప్రింటర్ కింద మడుగు, అందులో నా ఎడమ కాలు. మా ఆవిడ చూసి "పారాణి పెట్టుకున్నావేంటి, మళ్లీ పెళ్లా?" అంది. మూడు రోజులైంది, ఇంకా గోళ్ల సందుల్లో ఉంది.

మూడోది డ్యాంపర్, అంటే హెడ్‌లోకి వెళ్లే ముందు ఇంకు ఆగే చిన్న డబ్బీ. 120 రూపాయలు పెట్టి కొత్తది వేశాను. 21 సెంటీమీటర్లు. 120 దండగ.

మిగిలింది ట్యాంకు నుంచి హెడ్‌కు ఇంకు తెచ్చే గొట్టమే. పైకి ఎక్కడా నలగలేదు, మడత పడలేదు. టార్చి పెట్టి చూసినా ఏమీ కనబడలేదు. అప్పుడు దగ్గు మందు సీసా మీద ఉండే చిన్న కప్పు తీసుకుని, గొట్టం హెడ్ వైపు కొసను ట్యాంకులోని ఇంకు మట్టం కంటే 10 సెంటీమీటర్లు కిందకు దించి ఒక నిమిషం పట్టాను. సయాన్ 6 మి.లీ., పసుపు 6 మి.లీ., మెజెంటా ఒకటిన్నర! సన్న గొట్టాల్లో ఈ లెక్క దయాదాక్షిణ్యాలు లేనిది: లోపలి వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే చిన్న అడ్డం కూడా ఇంత చేటు చేస్తుంది.

బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చేసి, 10 మి.లీ. సిరంజితో వెనక్కి నెమ్మదిగా నెట్టాను. 2 మి.లీ. సిరంజి వాడకండి, అదే బొటనవేలి బలానికి దాంట్లో ఒత్తిడి చాలా ఎక్కువ వస్తుంది. నాలుగోసారికి ట్యాంకు వైపు నుంచి నానిన సబ్జా గింజంత ముద్ద జారి పడింది. వేళ్ల మధ్య నలిపితే జిగురు. బావకు ఫోన్ చేస్తే, ఒక బాటిల్ అయిపోయాక చవగ్గా దొరికిన ఇంకో కంపెనీ ఇంకు దాని మీదే పోశానని ఒప్పుకున్నాడు. రెండూ పడక గడ్డకట్టాయని నా ఊహ. నలుపు సంగతి ఎలా ఉన్నా, రంగుల్లో మాత్రం ఇకపై ప్రింటర్ కంపెనీ బాటిలే.

కడిగాక నిమిషానికి 5 మి.లీ. అందుకే పొద్దున ఆ 29.

మరి సాయంత్రం చారలు? ఈసారి పోతున్న గీతలు ప్రతి చెక్‌లోనూ వేరే వేరే చోట్ల. అది గాలి లక్షణం. స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టి చూస్తే, డ్యాంపర్ పక్కన 4 మి.మీ. ఉన్న బుడగ మూడు గంటల్లో 11 మి.మీ. అయింది. జాయింట్ దగ్గర తడి లేదు. ఉండదు కూడా, ట్యాంకు కిందుంది కాబట్టి ఇంకు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తప్పు నాదే అనుకుంటున్నా. పీకి పెట్టి, పీకి పెట్టి గొట్టం కొస వదులు చేశాను.

ఈ గొడవంతా పడలేనివాళ్లకు హెడ్ కార్ట్రిడ్జ్‌తోనే వచ్చే ప్రింటర్లు సుఖం. హెచ్‌పీలో అలాంటివి చాలా ఉన్నాయి, కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్డూ మారినట్టే. కాకపోతే పేజీ ఖర్చు చూస్తే గుండె ఆగుతుంది. అవి ఇంకును వేడి చేసి బుడగతో చిమ్మే రకం. 1977లో కానన్ ల్యాబ్‌లో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకున్న సిరంజి సూదికి తగిలి, ఇంకు చిమ్మడం చూసి కానన్‌వాళ్లు ఆ దారి పట్టారట. నా బల్ల మీద కూడా ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఐరన్ తీసి షెల్ఫ్‌లో పెట్టాను.

ఆదివారం గొట్టం కొస 5 మి.మీ. కోసి, కొత్త అంచుతో బిగిస్తాను. అప్పటిదాకా హెడ్ క్లీనింగ్ బంద్. ఇప్పటికే 11 సార్లు చేశాను, ఆ ఇంకంతా అడుగున దాన్ని పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లో చేరింది, దాని కౌంటర్ నిండితే ప్రింటర్ మొత్తానికే నోరు మూస్తుంది. కోసినా గాలి లోపలికి పోతూనే ఉంటే నాలుగు గొట్టాల పట్టీ మొత్తం మార్చడమే. పూడుకున్న ఆ మూడు నాజిళ్లను ఆ తర్వాత చూసుకుంటాను. ఫొటో పేపర్ 20 షీట్లు తెచ్చిపెట్టాను, బతుకమ్మ ఫొటో దాని మీదే వేయాలి.