గుణుపురం టీ కొట్టులో బొగ్గుల పొయ్యి

ఒడిశాలోని గుణుపురం స్టేషన్ బయట ఆటో అతను సంత దాకా నూట యాభై అన్నాడు. విశాఖ నుంచి ఇక్కడి దాకా ప్యాసింజర్లో వచ్చిన టికెట్టు అందులో సగం కూడా లేదు. ఎండలో నిలబడి బేరం ఆడాను. నూట ఇరవై దగ్గర ఆగిపోయాడు, ఇంక దిగలేదు. ఒళ్ళు మండిపోయి ఎదురుగా ఉన్న టీ కొట్టులోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ ఆటో ఎక్కేసి ఉంటే ఈ రోజు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

దారి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం రోడ్డు, నౌపడ మనవాళ్ళకి తెలిసినవే. నౌపడ దగ్గర ఉప్పు మడులు చూసి, టెక్కలిలో చిన్నప్పటి ఊరు కిటికీలోంచి చూసుకుని, పాతపట్నం దాటాను. తర్వాత వచ్చేది పర్లాకిమిడి. అక్కణ్ణుంచి బోర్డుల మీద ఒడియా, పెట్టెలో మాత్రం తెలుగే. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పంతులుగా బతికిన ఊరు అది. వాడుక తెలుగు కోసం అంత పోరాడిన మనిషి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఆ ఊరు అటు వెళ్ళిపోయినప్పుడు ఇల్లు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఆ స్టేషన్లో బండి ఆగిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తారు.

సరిగ్గా అదే ఏప్రిల్ 1న, కాకపోతే 36 ఏళ్ళ ముందు, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న లైను మొదలైంది. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి తన డబ్బుతో వేయించింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మొదట్లో నష్టాలే. తర్వాత లాభాలు కళ్ళజూశాక 1929, 1931లో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. నా చిన్నతనంలో ఆ బండి ఎక్కాను కాబట్టి ఇదంతా నాకు పుస్తకంలో విషయం కాదు. మా తాత గుణుపురం సంతలో చింతపండు కొని టెక్కలికి వేసేవాడు. ఆయన ఒళ్ళో కూర్చుని వచ్చేవాణ్ణి.

టీ కొట్టులో పొయ్యి బొగ్గులది. కుర్రాడు సంచిలోంచి దోసిళ్ళతో తీసి మధ్యలో కుమ్మరిస్తున్నాడు, నల్లగా పొగ లేస్తోంది. మూల బల్ల మీద కూర్చున్న పెద్దాయన అది చూసి ఉండలేకపోయాడు.

"అలాగ కాదురా. మజ్జన పోస్తే ఊపిరాడదు దానికి."

లేచి, పక్కనున్న చిన్న రేకు పార అందుకున్నాడు. పెద్ద పెద్ద బొగ్గుల్ని ముందు సుత్తితో పగలగొట్టించాడు, పిడికిలంత సైజుకి. పారలో కాసిన్నే తీసుకుని మణికట్టు ఒక్క తిప్పు తిప్పాడు. బొగ్గు జారి సరిగ్గా పొయ్యి వెనక మూలలో పడింది. ఇంకో తిప్పుకి ఈ మూల. ఆ తర్వాత పక్కలు. మధ్యలో పలచగా వదిలేశాడు. రెండు నిమిషాల్లో నల్ల పొగ పోయి మంట తెల్లబారింది. చెయ్యి చూశాను. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా చిన్న చిన్న మచ్చలు, పాత కాలినవి.

"తాతా, ఇంజను మీద పని చేశారా?"

"పైరుమేను బాబూ. నౌపడ షెడ్డు." ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అన్నమాట. ఎనభై దాటిన మనిషి. నాది టెక్కలి అని చెప్పగానే ఇంక ఆగలేదు.

చిన్న లైను మీద తిరిగిన పీఎల్ ఇంజన్లు ఇంగ్లండులో స్టోక్ అనే ఊళ్ళో కెర్ స్టూవర్ట్ కంపెనీ చేసినవి. బండిని లాగే చక్రాలు ఆరు, వాటి వెనక చిన్న చక్రాలు నాలుగు. వెనక టెండరు అనే వేరే పెట్టె ఉండదు, నీళ్ళు, బొగ్గు అన్నీ ఇంజను మీదే. ఇది నాకు ముందే తెలుసు. దానివల్ల వచ్చే కష్టం మాత్రం ఆయన చెప్పేదాకా తెలియలేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ బరువంతా చక్రాల మీద ఉండి పట్టాల్ని గట్టిగా పట్టుకుంటుంది. దారి పొడుగునా నీళ్ళు ఆవిరైపోతుంటే ఇంజను తేలికైపోతుంది. లోడు ఏమో అంతే. వానాకాలం పట్టాలు తడిసి ఉంటే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అప్పుడు డబ్బాలోంచి చక్రం ముందు ఇసక వదలాలి. ఇసక తడిస్తే గొట్టంలోంచి జారదు.

"బస్తాలు ఎక్కువైన రోజు నా పేణం మీదకొచ్చేది బాబూ. ఒక కన్ను నిప్పు మీద, ఒక కన్ను గాజు గొట్టం మీద."

గాజు గొట్టం అంటే బాయిలర్లో నీటి మట్టం చూపించేది. మట్టం పడిపోతే నిప్పుగూడు, అంటే బొగ్గు మండే అర, దాని కప్పు నీళ్ళలోంచి బయటపడుతుంది. ఆ కప్పులో సీసం నింపిన బిరడా ఉంటుంది. అది కరిగి ఆవిరి లోపలికి కొట్టి నిప్పుని అణుస్తుంది. బాయిలరు పేలకుండా అదే కాపలా. తన ఉద్యోగంలో ఎన్నడూ ఆ బిరడా కరగనివ్వలేదని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

నాకు ఎప్పటినుంచో ఒక బాధ ఉంది. ఆ బండి గురించి మాట్లాడే వాళ్ళంతా నడిచే బండిలోంచి దిగి మళ్ళీ ఎక్కడం, కూత, కిటికీ పక్క సీటు, ఇవే చెబుతారు. బస్తాల సంగతి ఒక్కరూ ఎత్తరు. మనుషుల పెట్టెలు, సరుకు వాగన్లు కలిపి కట్టిన బండి అది. సరుకు ఎక్కేదాకా మేము ఆగేవాళ్ళం. తాత సరుకంతా నౌపడ చేరకముందే టెక్కలిలో దిగేది కాబట్టి ఆయనకి ఒక చాకిరీ తప్పింది. పై ఊళ్ళకి వెళ్ళే సరుకైతే, చిన్న లైను వాగను పెద్ద లైను మీదకి ఎక్కదు కాబట్టి, నౌపడలో ప్రతి బస్తా దింపి పక్క వాగన్లోకి మొయ్యాల్సిందే. ఆ కూలీల వీపుల మీద నడిచింది ఆ లైను.

కిందటేడు ఢిల్లీ రైలు మ్యూజియంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) గ్యారట్ ఇంజను చూశాను. మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ వాళ్ళు 1930 ప్రాంతంలో చేసినది, 230 టన్నుల పైన బరువు. మధ్యలో ఒకటే బాయిలరు, దానికి ముందో చక్రాల గుంపు, వెనకో గుంపు. బొగ్గు, ఇనుప ఖనిజం బళ్ళు లాగడానికి తెప్పించారు. మా చిన్న లైను నిర్వహణ చూసింది కూడా ఆ బీఎన్నారే. ఆ భూతం ముందు జనం ఫోటోలు దిగుతున్నారు. బాగుంది, దిగాల్సిందే. నాకు మాత్రం దాని ముందు నిలబడితే మా లైను మీది కాశీనగర్ దగ్గర బస్తాలు ఎక్కించుకుంటూ ఆవిరి వదులుతున్న మా బండే కళ్ళల్లో మెదిలింది.

2004 జూన్‌లో చిన్న లైను ఆపేశారు. 2011 నాటికి పెద్ద లైను గుణుపురం చేరింది. మంచిదే, ఇప్పుడు సరుకు దింపి ఎక్కించే పని లేదు, విశాఖకి నేరుగా బండి ఉంది. దాని మీద నాకు కోపం లేదు.

బరా, ఘుగ్ని, అంటే మినప వడలు, బఠాణీ కూర, ప్లేటు నలభై తీసుకున్నాడు టీ కొట్టతను. మా ఊళ్ళో అయితే పాతికే. పెద్దాయనకి కూడా చెప్పాను కానీ ఆయన టీ తప్ప ముట్టలేదు. లేచేటప్పుడు ఒక మాట అన్నాడు: ఎండాకాలం ఎదురు గాలి ఉంటే పొగగొట్టంలోంచి నిప్పురవ్వలు వెనక్కి కొట్టేవి, పైకప్పు లేని వాగన్ల మీద పట్టా కప్పినా సరుకు యజమానులు కొందరు పైన కూర్చుని చేత్తో ఆర్పుకుంటూ వచ్చేవారు.

ఆ సంతకి ఇంక వెళ్ళలేదు. సాయంత్రం టెక్కలిలో దిగి ఇంటికెళ్ళి అమ్మకి ఈ మాట చెప్పాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

"మా నాన్న పంచెలన్నీ చిల్లులే కదరా. పెళ్ళి కాకముందు నేనే కుట్టేదాన్ని. చుట్ట నిప్పు అనేవాడు."

"తాత చుట్ట కాల్చేవాడా?"

అమ్మ చెయ్యి ఆగింది. కాసేపు చేట వైపే చూస్తూ ఉండిపోయింది.

"లేదు," అంది.