టీకా వద్దన్నది వాళ్లు, మార్కు తగ్గింది మాకు

టెక్సాస్‌లో పిల్లల క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తాను. నిన్న ఇన్సూరెన్స్ వాళ్ల బోనస్ లెక్క వచ్చింది, ఈసారీ మాకు పైసా లేదు.

బోనస్ ఇవ్వడానికి ఇక్కడ చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు హెడిస్ అనే వైద్య నాణ్యత కొలమానాలు చూస్తాయి. అందులో ఒకటి, రెండో పుట్టినరోజు లోపు టీకాలన్నీ పడ్డ పిల్లలు ఎంత శాతం అని. చివరికి ఫ్లూ టీకా తప్పినా ఆ బిడ్డ 'కాలేదు' కిందే. తల్లిదండ్రులే వద్దని సంతకం పెట్టిచ్చినా లెక్కలోంచి తీసెయ్యరు.

పోనీ అలాంటి కుటుంబాలను వేరే చోటికి వెళ్లమందామా? మెడికెయిడ్, చిప్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లున్న పిల్లలను టీకా వేయించుకోలేదని తిప్పి పంపకూడదని 2023లో ఈ రాష్ట్రమే చట్టం చేసింది. ఆ చట్టం నాకు సమ్మతమే, పెద్దల పట్టుదలకు పిల్లకు జ్వరం మందు ఆపుతామా? కానీ చూడమని చట్టం, చూసినందుకు కోత ప్లాన్‌ది. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

అలాగని బోనస్ అసలు వద్దంటే కూడా ఒప్పుకోను. 2025లో ఇదే రాష్ట్రంలో మీజిల్స్‌తో ఇద్దరు పిల్లలు పోయారు. కూర్చోబెట్టి ఓపిగ్గా నచ్చజెప్పే డాక్టరు టైముకి విలువ కట్టాలి కదా. నచ్చజెప్పినట్టు రికార్డు ఉంటే ఆ బిడ్డను లెక్క నుంచి తప్పించండి, అంతే నేనడిగేది.

ఈలోగా మా డాక్టరమ్మ మాత్రం వచ్చే వారం టీకా వద్దన్న ఓ కుటుంబానికి మళ్లీ అపాయింట్‌మెంట్ ఇచ్చింది.