పూల్ ఫిల్టర్: ఏ పని మనం చేసుకోవచ్చు, దేనికి మనిషిని పిలవాలి

రాజోలు దగ్గర కొబ్బరి తోటలో ఉన్న ఒక స్విమ్మింగ్ పూల్ బాగోగులు నేనే చూస్తాను. అరవై వేల లీటర్ల పూల్. 24 అంగుళాల సాండ్ ఫిల్టర్, దాని నెత్తిన నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్. ఫిల్టర్ పని తెలిసిన మనిషి కావాలంటే రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో రావాలి. అతను వచ్చేలోపు నీళ్లు పచ్చబడిపోతాయి. అందుకని బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి ఇసుకలోని మురికి బయటికి పంపడం), ఇసుక కడగడం, ఇసుక మార్చడం ఇంట్లోనే చేసుకుంటాం. మోటారు, కరెంటు, ట్యాంకు పగులు మాత్రం మనం ముట్టుకోకూడదనేది నా అభిప్రాయం.

డెల్టాలో ఫిల్టర్‌కి వచ్చే కష్టమంతా నీళ్ల వల్లే. కాలువ నీళ్లతో పూల్ నింపితే, వరదల రోజుల్లో ఎర్రనీటితో పాటు సన్నటి ఒండ్రు వస్తుంది. బోరు నీళ్లయితే చాలాచోట్ల ఇనుము ఉంటుంది. తోడినప్పుడు తేటగానే ఉంటాయి, క్లోరిన్ పడగానే కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. ఆ తుప్పంతా ఇసుకలో పేరుకుంటుంది. వీటికి తోడు కొబ్బరినూనె. తలకి నూనె రాసుకుని దిగితే ఆ జిడ్డుకి ఒండ్రు అంటుకుని ఇసుక ఉండలు కడుతుంది. కాబట్టి పూల్ పక్కన షవర్ పెట్టి, సబ్బుతో స్నానం చేశాకే దిగనివ్వండి. ఏ మందూ ఇంత పని చెయ్యదు.

కొత్త ఇసుకతో మొదలుపెట్టిన రోజు ప్రెజర్ గేజ్ ఎంత చూపిస్తుందో మార్కర్‌తో ట్యాంకు మీదే రాసుకోవాలి. మా దాని మీద 0.8 బార్ అని ఉంటుంది. అది 1.4 దగ్గరికి వస్తే బ్యాక్‌వాష్. పీఎస్ఐలో చూసేవాళ్లకి 8 నుంచి 10 పెరిగితే చాలు. వారం తిరిగిందని ఊరికే చెయ్యకండి. కొంచెం మురికి పట్టిన ఇసుకే సన్నటి మట్టిని బాగా ఆపుతుంది. ప్రెజర్ పెరక్కుండా తగ్గిపోతే తప్పు ఫిల్టర్‌ది కాదు, స్కిమ్మర్ (నీటి మీది చెత్త లాగే గూడు) బుట్టలోనో పంపు బుట్టలోనో కొబ్బరి పూత ఇరుక్కుని ఉంటుంది.

పంపు ఆపకుండా వాల్వ్ హ్యాండిల్ తిప్పకూడదు. ఇది మా పనివాళ్లకి మొదటి రోజే చెప్తాను. నీటి ఒత్తిడి మీద తిప్పితే లోపలున్న స్పైడర్ గాస్కెట్ అనే రబ్బరు మడత పడి చిరుగుతుంది. ఆ తర్వాత ఫిల్టర్ నడుస్తున్నా వేస్ట్ పైపులోంచి నీళ్లు సన్నగా పోతూనే ఉంటాయి. పంపు ఆపి, హ్యాండిల్ నొక్కి బ్యాక్‌వాష్‌కి తిప్పి, మళ్లీ వేసి, వాల్వ్ పక్కనున్న గాజులోంచి చూస్తూ నీళ్లు తేరేదాకా రెండు మూడు నిమిషాలు నడపండి. పంపు ఆపి రిన్స్‌కి తిప్పి మరో అర నిమిషం నుంచి నిమిషం. మళ్లీ ఆపి ఫిల్టర్‌కి. రిన్స్ మానేస్తే పైపులో మిగిలిన మురికి తిరిగి పూల్‌లోకే వస్తుంది. ఈ సైజు ఫిల్టర్‌కి మూడు నిమిషాల్లో ఏడు వందల లీటర్ల దాకా పోతాయి. క్లోరిన్ ఉన్న ఆ నీళ్లని చేపల చెరువుల్లోకి, రొయ్యల చెరువుల్లోకి, పంట కాలువలోకి వదలకండి. మేం ఒక గుంటలో నిలవ ఉంచి ఇంకనిస్తాం.

ఇక పటిక. కాలువ నీళ్లకి పటిక వేసే అలవాటు మనకి ఉంది, పూల్‌లోనూ బాగా పనిచేస్తుంది. వెయ్యి లీటర్లకి 30 నుంచి 50 గ్రాములు కరిగించి చల్లి, కాసేపు వాల్వ్‌ని రీసర్క్యులేట్‌లో (ఇసుకలోకి వెళ్లకుండా నీళ్లు తిరిగే స్థానం) పెట్టి కలిపి, పంపు ఆపి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగుతుంది. దాన్ని వాక్యూమ్‌తో లాగేటప్పుడు వాల్వ్ వేస్ట్ (ఇసుకలోకి వెళ్లకుండా నీళ్లు నేరుగా బయటికి పోయే స్థానం) మీదే ఉండాలి. ఫిల్టర్ మీద ఉంచి లాగితే జిగురులాంటి ఆ మడ్డి ఇసుకలోకి దిగి కూర్చుంటుంది. మన వైపు ఇసుక పాడవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. పటిక పీహెచ్‌ని కూడా దించుతుంది, మర్నాడు పరీక్షించి 7.2, 7.6 మధ్యకి తెచ్చుకోండి.

బ్యాక్‌వాష్ చేసినా ప్రెజర్ పాత అంకెకి దిగకపోతే ఇసుక మార్చేయమంటారు. ముందు ట్యాంకు తెరిచి చెయ్యి పెట్టి చూడండి. ఇసుక వేళ్ల మధ్య జారితే బాగున్నట్టే. తుప్పు రంగుంటే ఒక కడుగుడు చాలు: కేజీ నిమ్మ ఉప్పు బకెట్ నీళ్లలో కరిగించి ట్యాంకులో పోసి, పంపు వెయ్యకుండా రాత్రంతా ఉంచి, పొద్దున నీళ్లు తేరేదాకా బ్యాక్‌వాష్, తర్వాత రిన్స్. దానికి ముందే స్కిమ్మర్‌లోని క్లోరిన్ బిళ్లలు తీసేయాలి. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది. గట్టి ఉండలు తగిలితే మాత్రం మార్చడమే. మామూలుగా ఇసుక అయిదు నుంచి ఏడేళ్లు ఆగుతుంది, ఇనుము నీళ్లలో అంతకన్నా తక్కువ.

మార్చేటప్పుడు ముందు ఎంసీబీ దించి, పైపుల వాల్వులు కట్టి, ట్యాంకులో గాలి వదిలే మర తిప్పి గేజ్ సున్నాకి వచ్చిందని చూసుకోండి. ఒత్తిడి ఉండగా క్లాంపు విప్పితే మూత ఎగిరి మొహానికి తగులుతుంది. కింద ప్లగ్ తీసి నీళ్లు వదిలాక, యూనియన్లు (పైపుల జాయింట్లు) విప్పి వాల్వ్ తీసి, నడిమి పైపు మూతికి పాలిథిన్ కవర్ చుట్టండి. ఇసుకని మగ్గుతో తోడండి. పైపుని ఊపి లాగితే అడుగున ఉన్న లేటరల్స్ (నీళ్లు లాగే చీలికల గొట్టాలు) విరుగుతాయి. వాటిని విప్పి, పదింతల నీళ్లలో యాసిడ్ పోసి (యాసిడ్‌లో నీళ్లు కాదు) నానబెట్టి, చీలికల్లో పగులు ఉందేమో వెలుతురులో చూడండి. తిరిగి బిగించాక ట్యాంకు సగం నీళ్లు నింపి అప్పుడు ఇసుక పోయాలి, నీళ్లు లేకపోతే బరువంతా లేటరల్స్ మీద పడుతుంది. 24 అంగుళాల దానికి 140 కేజీల దాకా పడుతుంది, ఖచ్చితమైన లెక్క ట్యాంకు స్టిక్కర్ మీద ఉంటుంది. పైన మూడో వంతు ఖాళీ ఉండాలి, బ్యాక్‌వాష్‌లో ఇసుక లేచేది ఆ జాగాలోకే. ఓ రింగ్‌కి సిలికాన్ గ్రీజే రాయండి, వాజిలైన్ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. మూత బిగించాక మొదట బ్యాక్‌వాష్, ఆ తర్వాత రిన్స్.

గోదావరి ఇసుక గుమ్మం ముందే దొరుకుతుంది కదా అని పోయకండి. గింజలు ఒక్క సైజులో ఉండవు. సన్నవి లేటరల్స్‌లోంచి పూల్‌లోకి వస్తాయి, బంకమట్టి లోపల పట్టేస్తుంది. కావాల్సింది 0.45 నుంచి 0.55 మి.మీ. జల్లెడ పట్టిన సిలికా ఇసుక, బస్తా మీద ఆ అంకె చూసి కొనండి.

పంపు సీలు కారుతున్నా, మోటారు దగ్గర షాక్ కొడుతున్నా, ట్యాంకు మీద వెంట్రుక వాసి పగులు కనిపించినా పైసలు చూసుకోకుండా మనిషిని పిలవండి. ఇసుక మార్చడానికే పిలిస్తే మటుకు దగ్గరుండండి. పాత ఇసుక మీద ఒకటి రెండు బస్తాలు పోసి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. ఖాళీ ట్యాంకులో లేటరల్స్ చూపించాకే కొత్త ఇసుక పోయమనండి. ఫిల్టర్ మీద అరగంట నడిచి, నీళ్లు తిరిగి వచ్చే నాజిల్ కింద ఇసుక రాలట్లేదని చూసుకున్నాకే డబ్బులివ్వండి.