కృష్ణుడి కిరీటంతో పార్కు గేటు దగ్గర గంటా యాభై నిమిషాలు

చెవుల వెనక నీలం రంగు ఇంకా పోలేదు. రెండుసార్లు కొబ్బరినూనె పట్టించి, నూలుగుడ్డతో తుడిచి, శనగపిండితో రుద్దుకున్నా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. జరిగింది నిన్ననే. కోపం చల్లారితే సగం మరిచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

మేం ఏడుగురం. గుంటూరులో ఇంజనీరింగ్ కలిసి చదువుకుని 2000లో బయటికొచ్చిన వాళ్లం. పాతికేళ్లయింది కదా, కలుద్దాం అనుకున్నప్పుడు గోవా అన్నారు, రిసార్టు అన్నారు, అందరం ఒకే రంగు టీషర్టులు అన్నారు. నేనొక్కడినే వేరే మాట చెప్పాను. శశిరేఖా పరిణయం కథలో పాత్రలుగా వేషాలు కట్టుకుని, హైదరాబాద్ శివార్లలోని ఒక థీమ్ పార్కులో రోజంతా గడుపుదాం అన్నాను. గ్రూపులో పది నిమిషాలు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత "నేను ఘటోత్కచుడు" అని ఒకడు పెట్టాడు. అంతే, ఇక ఆగలేదు. ఈ రాతలో వాళ్లను వేషాల పేర్లతోనే పిలుస్తాను. కృష్ణుడు నేను.

నాకెందుకు ఆ ఆలోచన వచ్చిందంటే, మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లు కృష్ణుడి వేషం కట్టారు. పగలు వ్యవసాయం, రాత్రి నాటకం. చిన్నప్పుడు నేను తెర పక్కన చాపమీద పడుకుని, ఆయన పద్యం ఎత్తుకోగానే లేచి కూర్చునేవాణ్ణి. ఇవాళ్టికీ నాకు నలభై పద్యాలకు పైగా నోటికి వచ్చు, రాగంతో సహా. మా బ్యాచ్‌లో అలా చెప్పగలిగినవాడు నేనొక్కడినే.

డ్రెస్సులు దొరకడం కష్టమేమీ కాలేదు. తెనాలిలో నాటకాలకు డ్రెస్సులు అద్దెకిచ్చేవాళ్లకు ఫోన్ చేసి కొలతలు చెప్పాం. ఏడుగురికి కలిపి 9,600 అద్దె, 10,000 డిపాజిట్. ట్రంకు పెట్టె ఆర్టీసీ కార్గోలో మర్నాటికి ఎంజీబీఎస్‌కు వచ్చేసింది. భుజకీర్తులు, వడ్డాణాలు, హారాలు, ఘటోత్కచుడి గద, బలరాముడి నాగలి, శకుని పాచికలు, అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. నా కిరీటం మాత్రం అద్దెది కాదు. నాన్నగారిదే. పొణికి చెక్కతో చేయించి, బేగడ అంటించి, అద్దం ముక్కలు పొదిగినది. అట్ట కిరీటంలా నలగదు, చెమటకు మెత్తబడదు, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. నెల ముందే ఊరికి వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. ఆయన పాత ధోవతి ముక్కలో చుట్టి ఇచ్చారు.

మేకప్‌కు ఇద్దరిని మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున మూడున్నరకు మొదలుపెడితే ఎనిమిదింటికి ఏడు ముఖాలు పూర్తయ్యాయి. ఇక్కడ ఒక మాట. మీసాలు, గడ్డాలు స్పిరిట్ గమ్‌తో అంటించాలంటే ముందురోజు రాత్రే నున్నగా గీయించుకోండి. మా శకుని వినలేదు. మధ్యాహ్నానికి చెమటకు గడ్డం ఒక పక్క ఊడింది. ఇలాంటిది ఎండాకాలంలో అసలు పెట్టుకోవద్దు. మేం డిసెంబరులో వెళ్లాం కాబట్టి రంగు నిలిచింది.

ఇక గేటు సంగతి.

పదిహేను రోజుల ముందే వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "వేషాలతో రావచ్చా?" అని స్పష్టంగా అడిగాను. "రావచ్చు సార్, ప్రాబ్లం లేదు" అన్నారు. నేను చేసిన తప్పు అక్కడే. ఫోన్‌లో చెప్పిన మాటకు గేటు దగ్గర పూచికపుల్ల విలువ కూడా ఉండదు. మెయిల్ పెట్టండి, జవాబు తెప్పించుకోండి, దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకోండి. కృష్ణుడి వేషానికి జేబు ఉండదు, కాబట్టి చేతిసంచీలో పెట్టుకోండి. నేను గట్టిగా చెప్పే సలహా ఇదొక్కటే.

పదింటికి గేటు దగ్గర దిగాం. స్కూలు పిల్లల బస్సులు నాలుగు నిలబడి ఉన్నాయి. పిల్లలు మమ్మల్ని చూసి కేకలు పెట్టారు. మెటల్ డిటెక్టర్ దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది సార్ ఇది? షూటింగా? పర్మిషన్ కాగితం చూపియ్యుండ్రి."

షూటింగ్ కాదు, టికెట్లు కొన్నాం, ఇదిగో ఏడు టికెట్లు అని చూపించాం. "గిట్ల వేషాలతోని పోనియ్యమని మాకు ఆర్డర్ లేదు సార్" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. చెప్పింది చేసే మనిషి, పైగా మర్యాదగానే మాట్లాడాడు. పక్కనున్న బెంచీ చూపించి అమ్మాయిలను కూర్చోమన్నాడు కూడా. గద టిన్ను రేకుది, నాగలికి ఇనుప పట్టీ ఉంది. అవి రెండూ లోపలికి రావంటే వెంటనే ఒప్పుకుని కారులో పెట్టేశాం. అది న్యాయమైన మాట. రద్దీలో పిల్లలకు తగిలితే ప్రమాదం.

తర్వాత సూపర్‌వైజర్ వచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో వాకీటాకీ. మొదట "మీరు" అనే మొదలుపెట్టాడు. ఇవి ప్రచార వేషాలా, ఏ కంపెనీ, యూట్యూబ్ చానెలా, మతం తరఫున వచ్చారా, ఇలా ఒక్కొక్కటీ అడిగాడు. అన్నిటికీ కాదని చెప్పాం. పాతికేళ్ల స్నేహితులం, ఒక రోజు సరదాగా వచ్చాం అన్నాం. అతనికి అది నమ్మశక్యం కాలేదు. మా చుట్టూ జనం మూగారు, ఫోన్లు తీశారు. అతనికి చిరాకు పెరిగింది.

"ఇక్కడికి ఫ్యామిలీలు వస్తాయి. ఇలా వేషాలేసుకుని లోపల తిరిగి జనాన్ని డబ్బులడిగితే కంప్లైంట్లు మాకొస్తాయి. సిగ్నళ్ల దగ్గర చూస్తున్నాంగా."

మా శశిరేఖ ముఖం పాలిపోవడం రంగు కింద నుంచి కూడా తెలిసింది. ఆవిడ ఒక కాలేజీలో డిపార్ట్‌మెంట్ హెడ్డు. "మేం అడుక్కునేవాళ్లలా ఉన్నామా?" అని నెమ్మదిగా అడిగింది. అతను ఆవిడకు జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, పెన్నుతో కిరీటం మీద టకటకా కొట్టి "ఇదేంటి, అట్టా?" అన్నాడు. ఒక అద్దం ముక్క ఊడి కింద పడింది. వంగి తీసుకుని నడుముకున్న దట్టీలో పెట్టుకున్నాను. ఇది మా నాన్నగారిది, ఆయన రంగస్థల నటులు అన్నాను.

"ఓహో, అయితే ఆర్టిస్టువే అన్నమాట. ఏదీ, ఒక పద్యం పాడు చూద్దాం. బాగుంటే లోపలికి పంపిస్తా."

"మీరు" పోయి "నువ్వు" అయింది. చుట్టూ ఉన్న జనంలో కొందరు నవ్వారు. నా నోట్లో పద్యం ఉంది, మోహన రాగంలో ఎత్తుకుంటే ఆ గేటు అవతల దాకా వినిపించేది. పాడలేదు. "పాడను సార్" అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను, గొంతు పూడుకుపోయింది. నలభై ఏడేళ్ల మనిషిని, ఒంటినిండా హారాలతో, పిల్లల ఎదుట అలా నిలబడ్డాను.

మా ఊళ్లో పద్యం కావాలనుకున్నవాళ్లు "వన్స్ మోర్" అని అరుస్తారు. "పాడు చూద్దాం" అని ఎవరూ అనరు. పద్యం నచ్చితే స్టేజీ ఎక్కి నటుడి బట్టలకు పిన్నుతో నోటు గుచ్చి వెళతారు. దాన్ని మేం చదివింపు అంటాం, భిక్ష అనం. అసలు పగటి వేషగాళ్లను కూడా అంత తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అర్ధనారీశ్వర వేషం కట్టేవాళ్లు ఒక పక్క శివుడిగా, ఒక పక్క పార్వతిగా మారడానికి ఎంత సాధన కావాలో తెలియనివాళ్లకు చేయి చాచడం ఒక్కటే కనిపిస్తుంది. ఊళ్లో వేషాలన్నీ ఆడి చివరి రోజున సంభావన తీసుకునేవాళ్లు వాళ్లు. కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో కీచక వధ ఆడి మొదలైన సురభి వాళ్లు తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బతికారు. సత్యభామ వేషంతో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. వేషం అంటే చిన్నచూపు చూసేవాళ్లు ఇవి తెలుసుకుని మాట్లాడాలి. మా బలరాముడిది తిరుపతి. గంగజాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టి మగవాళ్లు వీధుల్లోకి వస్తే ఆడవాళ్లు ఎదురొచ్చి దండం పెడతారని, తన జీవితంలో వేషం కట్టినందుకు ఇలాంటి మాట పడలేదని అతను తర్వాత కారులో చెప్పి బాధపడ్డాడు.

మమ్మల్ని గట్టెక్కించింది మా రేవతి. బ్యాంకులో పనిచేస్తుంది, కాగితం విలువ ఆవిడకు తెలుసు. గొంతు పెంచలేదు. "టికెట్ మీది షరతులన్నీ చదివాను. వేషాల మాట ఎక్కడా లేదు. మమ్మల్ని ఏ రూలు ప్రకారం ఆపుతున్నారో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. తీసుకుని వెళ్లిపోతాం" అంది. అతను వాకీటాకీలో మాట్లాడాడు. మళ్లీ మాట్లాడాడు. "రాసివ్వం" అన్నాడు. "అయితే లోపలికి పంపండి" అంది ఆవిడ. ఇదే నాలుగుసార్లు నడిచింది. ఆవిడ ఒక్క అక్షరం మార్చలేదు. మీ గుంపులో ఇలాంటి మనిషి ఒకరుండేలా చూసుకోండి. పద్యాలొచ్చినవాడి కంటే ఆ మనిషే ఎక్కువ అవసరం.

చివరికి ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. రెండు నిమిషాలు విన్నది. షూటింగ్ చెయ్యం, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం, రైడ్లలో కిరీటాలు, హారాలు తీసేస్తాం అని ఒక కాగితం మీద రాయించుకుంది. "సారీ అండీ, వెళ్లిరండి" అంది. అప్పటికి పదకొండూ యాభై. ఈ కాగితం పదింటికే అడిగి ఉంటే మూడు నిమిషాల్లో రాసిచ్చేవాళ్లం. సూపర్‌వైజర్ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. అటు తిరిగి నిలబడ్డాడు.

లోపల రోజు బాగా గడిచింది. రైడ్లు ఎక్కేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. వేలాడేవీ, చుట్టుకునేవీ ఏవీ ఒంటి మీద ఉండకూడదు. ఉత్తరీయం సీటు పక్కన చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఆపరేటర్లు తీయమంటారు, వాదించకండి. లాకరు పెద్దది తీసుకోండి, చిన్నదాంట్లో భుజకీర్తులు పట్టవు. మేం లాకర్ దగ్గర ఒకరిని కాపలా పెట్టి వంతులవారీగా ఎక్కాం. నీళ్ల వైపు నూలు బట్టలతో, చీరలతో దిగనివ్వరు, నైలాను, పాలిస్టరు బట్టలే ఉండాలి. కాబట్టి వేషాలు మధ్యాహ్నం దాకా పెట్టుకుని, మూడింటికి కడిగేసుకుని మామూలు బట్టల్లోకి మారిపోయాం. రంగు తీయకుండా నీళ్లలోకి దిగొద్దు. కొలను పాడవుతుంది, మిగతావాళ్ల ఒంటికి అంటుతుంది.

ఒంటిగంటకు తిండి దగ్గర క్యూలో ఉంటే, అక్కడ నేల తుడిచే ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది. మాది ఒంగోలు దగ్గర అయ్యా, చిన్నప్పుడు తిరనాళ్లలో రాత్రంతా నాటకాలు చూసేదాన్ని, ఆ కిరీటం చూస్తే గుర్తొచ్చింది అంది. "ఒక్క పద్యం పాడతావా నాయనా" అని అడిగింది. ఆవిడా "నువ్వు" అనే అంది. ఆ పిలుపు వేరు. ట్రే పక్కన పెట్టి రాయబారం పద్యం ఒకటి మొత్తం పాడాను, చివర రాగం కూడా తగ్గించలేదు. స్కూలు పిల్లలు చుట్టూ చేరారు. ఘటోత్కచుడు వాళ్లకోసం ఒక నవ్వు నవ్వితే చిన్న క్లాసు పిల్లలు టీచర్ల వెనక దాక్కున్నారు, మళ్లీ నవ్వమని వాళ్లే అడిగారు. పెద్దావిడ చీపురు చంకలో పెట్టుకుని "వన్స్ మోర్" అంది. ఇంకొకటి పాడాను.

సాయంత్రం ఆరింటికి బయటికొచ్చాం. గేటు దగ్గర పొద్దుటి సెక్యూరిటీ అతను డ్యూటీ దిగుతూ మాతో ఒక ఫోటో అడిగాడు. వేషాలు తీసేశాం కదా అంటే, ఫర్వాలేదు సార్ అన్నాడు. దిగాం.

ఈ రాత్రికి ట్రంకు కార్గోలో వేస్తాం. శకుని చెవిపోగు ఒకటి కనిపించలేదు. డ్రెస్సులాయన డిపాజిట్‌లో 300 పట్టుకుంటానన్నాడు, సరేనన్నాను. పార్కు వాళ్లకు మెయిల్ రాశాను, సూపర్‌వైజర్ అన్న మాటలు అన్నట్టుగానే పెట్టాను, ఏడుగురం పేర్లు కింద రాశాం. నాన్నగారి కిరీటం ట్రంకులో పెట్టలేదు. ఊడిన అద్దం ముక్కను దూదిలో చుట్టి, కిరీటంతో పాటు ఆ ధోవతి ముక్కలోనే కట్టి ఉంచాను. ఆదివారం కారులో నేనే తీసుకెళ్తున్నాను. ఫోన్‌లో చెబితే ఆయన పెద్దగా ఏమీ అనలేదు, వచ్చేటప్పుడు జిగురు తెమ్మన్నారు.