బంగారం సీసా

మా బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి, కేటలిసిస్ (తాను ఖర్చు కాకుండా రియాక్షన్‌ని వేగం చేసే పదార్థం చేసే పని) అంటే ముందు డాల్డానే గుర్తొస్తుంది. మొదటి క్లాసుకే సార్ డాల్డా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "నూనె ఇలా ఎలా గడ్డకట్టిందిరా?" అన్నారు. ఎవరం నోరు మెదపలేదు. నికెల్ పొడి సాయంతో నూనెలోని డబుల్ బాండ్లకు హైడ్రోజన్ ఎక్కుతుందని, ఆ దారి చూపిన ఫ్రెంచ్ కెమిస్ట్ సబాటియేకి 1912లో నోబెల్ వచ్చిందని, ఆ ఏడాది బహుమతిలో సగం మరో ఫ్రెంచ్ కెమిస్ట్ గ్రిన్యార్‌దని చెప్పారు. క్లాసయ్యాక డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి పోయారు.

ప్రాజెక్టులో నా పని నైట్రో గ్రూపులోని ఆక్సిజన్ తీసి, హైడ్రోజన్ పెట్టి అమీన్ చేయడం. కేటలిస్ట్‌గా 10 శాతం పల్లాడియం కార్బన్ (బొగ్గుపొడి మీద పల్లాడియం లోహం), ద్రావణిగా మెథనాల్, పైన హైడ్రోజన్ బెలూన్. మధ్యాహ్నానికి, రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూపే టీఎల్‌సీ పరీక్షలో పాత స్పాట్ మాయం. ఆ సంబరంలో సీలైట్ అనే వడపోత పొడి మీద ఫిల్టర్‌కి పెట్టి, వ్యాక్యూమ్ ఆపకుండానే క్యాంటీన్‌కి పోయాను. తిరిగొచ్చేసరికి ఫిల్టర్ పేపర్ అంచు నల్లబడి ముడుచుకుపోతోంది. మంట మాత్రం కనపడదు. మెథనాల్ మంట పగటి వెలుతురులో అంతే. చెయ్యి దగ్గర పెడితే గానీ తెలియలేదు.

నా కేక విని సార్ వచ్చారు. వ్యాక్యూమ్ తీసేసి, ఫనెల్ మీద పెద్ద వాచ్‌గ్లాస్ బోర్లించారు. మంట ఆరాక నా వైపు తిరిగి, "టీ బాగుందా?" అన్నారు. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

తర్వాత తీరిగ్గా చెప్పారు. పల్లాడియం తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్లు హైడ్రోజన్‌ని మింగుతుంది. ఫిల్టర్ మీది నల్ల పల్లాడియం మడ్డి తడి ఆరి గాలి తగిలిందా, లోపలి హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. పక్కనే మెథనాల్ ఆవిరి ఉంటుంది, ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి నల్ల మడ్డి తడిగా ఉండగానే తీసి, నీళ్లున్న సీసాలో వేయడం నా డ్యూటీ. సీసా మీద సార్ రాతతో 'బంగారం' అని ఉండేది, ఖరీదైన లోహం మరి. ఎండనిస్తే ఊరుకునేవారు కాదు.

2010లో హెక్, నెగిషి, సుజుకిలకు పల్లాడియం కప్లింగ్స్ (పల్లాడియంతో కార్బన్లను జతచేసే రియాక్షన్లు) మీద నోబెల్ వచ్చినప్పుడు నేను మందుల కంపెనీలో ఉన్నాను. అందరూ కార్బన్-కార్బన్ బంధం ఎంత సులువైందో చెప్పుకున్నారు. మా తిప్పలు వేరు, వేసిన పల్లాడియాన్ని మళ్లీ బయటికి లాగడం. నోటితో వేసుకునే మందులో అది రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని మందులకు అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే ఐసీహెచ్ ఇప్పటి నియమం. రియాక్షన్ ఒక పూటలో అయిపోయేది. పల్లాడియాన్ని పీల్చే బొగ్గు మార్చి, రెజిన్ మార్చి, మళ్లీ శాంపిల్ పంపి రిపోర్టు కోసం కూర్చోవడం వారాలు పట్టేది. పేపర్లలో యీల్డ్ (ఎంత సరుకు వచ్చిందో) మాత్రమే రాసేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కొంచెం గుర్రే.

సార్ రిటైరయ్యేనాటికి సీసా ముప్పాతిక నిండింది. పై మూత పగిలితే రబ్బరు బిరడా పెట్టాం. మన లాబ్‌ని కొత్త బిల్డింగ్‌లోకి మార్చినప్పుడు సామాన్లు సర్దినవాళ్లు ఈ సంచిక చదువుతుంటే, దాన్ని ఏ అలమరలో పెట్టారో చెప్పండి. నీళ్లు ఇంకిపోయి ఉంటాయి. మూత తీసే ముందు నాకు ఫోన్ చేయండి.