ఆంప్ స్పీకర్ అవుట్ నుంచి డీఐ తీసుకున్నాను: నా అనుభవం

నేను బేస్ గిటార్ వాయిస్తాను. నా ఆంప్ పాత ట్రాన్సిస్టర్ హెడ్ (స్పీకర్ పెట్టె, అంటే క్యాబినెట్, విడిగా ఉండే రకం), 4 ఓమ్‌ల మీద 300 వాట్లు. మిక్సర్‌కి నేరుగా ఇచ్చే లైన్ అవుట్ లేదు. విశాఖ సిరిపురంలో ఒక హాల్లో ప్రోగ్రామ్ ఒప్పుకున్నాక సౌండ్ చూసే ఆయన ఫోన్ చేసి, "మాస్టారూ, బేస్ మిక్సర్‌లోకి ఎలా ఇస్తారు?" అని అడిగారు. క్యాబినెట్ ముందు మైక్ పెడితే పక్కనున్న డ్రమ్స్ కూడా పడతాయి. గిటార్ నుంచి నేరుగా డీఐ బాక్స్‌కి (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ఇస్తే, ఆంప్‌లో నేను పెట్టుకున్న టోన్ హాల్లో వాళ్లకు చేరదు. నాకు ఆ టోనే ముఖ్యం. అందుకే స్పీకర్ అవుట్ నుంచి తీసుకుందామనుకున్నాను.

టెన్షన్ మాత్రం బాగానే పడ్డాను. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ వేరు, ఇది వేరు. లెక్క వేస్తే ఈ ఆంప్ ఫుల్ పవర్‌లో దాదాపు 35 వోల్టులు ఇస్తుంది. మామూలు డీఐ దీన్ని తట్టుకోదు. స్పీకర్ అవుట్‌కి పెట్టుకోవచ్చని మాన్యువల్‌లో రాసి ఉన్న బాక్సే కొన్నాను. దాని 40 డీబీ ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే స్విచ్) నొక్కితే వోల్టేజీ వందో వంతుకి, అంటే 0.35కి దిగుతుంది.

అసలు భయం గ్రౌండ్ గురించి. ఈ మధ్య వచ్చే తేలికపాటి క్లాస్ డీ హెడ్లలో చాలావాటికి స్పీకర్ అవుట్ రెండు తీగల్లోనూ సిగ్నలే ఉంటుంది, ఏదీ గ్రౌండ్ కాదు. అలాంటిదానికి డీఐ తగిలిస్తే ఒక తీగ మిక్సర్ ఎర్త్‌తో కలిసి అవుట్‌పుట్ షార్ట్ కావచ్చు. అందుకని ఆంప్ ప్లగ్ పీకేసి, క్యాబినెట్ కేబుల్ తీసేసి, స్పీకర్ జాక్ స్లీవ్‌కీ (ప్లగ్ పొడవాటి భాగం తగిలే చోటు) ఛాసిస్‌కీ (ఆంప్ లోహపు బాడీ) మధ్య మల్టీమీటర్ పెట్టి చూశాను. బీప్ వచ్చింది, స్లీవ్ గ్రౌండే. రాకపోయుంటే ఈ ఆలోచనే మానేసేవాణ్ణి. డీఐ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ (ఆంప్ గ్రౌండ్‌ని మిక్సర్ గ్రౌండ్ నుంచి విడదీసే స్విచ్) నొక్కితే చాలంటారు కొందరు. ఒక్క చిన్న స్విచ్‌ని నమ్ముకుని ఆంప్‌ని పణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు.

స్పీకర్ అవుట్ నుంచి డీఐకి, డీఐ లింక్ జాక్ (వచ్చిన సిగ్నల్‌ని అలాగే బయటికి పంపేది) నుంచి క్యాబినెట్‌కి ఇద్దామని మొదట అనుకున్నాను. మాన్యువల్ కూడా అదే చెప్పింది. సౌండ్ చూసే ఆయన వద్దన్నారు. "మీ ఆంప్‌కి రెండు స్పీకర్ అవుట్లున్నాయి కదండీ. ఒకటి నేరుగా క్యాబినెట్‌కి, రెండోది డీఐకి ఇవ్వండి. మన ఊళ్లో ఉప్పుగాలికి జాకులు ఊరికే తుప్పు పడతాయి. ఆ కరెంటంతా డీఐ జాకుల్లోంచి ఎందుకు పోనివ్వడం?" ఆ మాట నాకు సరిగ్గా అనిపించింది. రెండు అవుట్లూ లోపల పారలల్‌గానే ఉంటాయి. డీఐ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా ఎక్కువ, కాబట్టి నా 8 ఓమ్‌ల క్యాబినెట్ లోడ్ అలాగే ఉంటుంది.

క్యాబినెట్‌కి వాడింది స్పీకర్ కేబులే. గిటార్ కేబుల్‌లో తీగ సన్నం, వేడెక్కుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి స్పీకర్ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టుకున్నాను.

హాల్లో అన్నీ ఆఫ్‌లో ఉండగానే కలిపాం. మిక్సర్ ఛానల్ మ్యూట్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, అప్పుడు ఆంప్ ఆన్ చేశాను. మ్యూట్ తీయగానే సన్నగా హమ్ వినిపించింది. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే పోయింది. ఈ స్విచ్ పని అదే.

ట్యూబ్ ఆంప్ ఉన్నవాళ్లు మాత్రం ఒకటి మర్చిపోకండి: డీఐ పెట్టాం కదా అని క్యాబినెట్ తీసేయకూడదు. లోడ్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.