దవడ దగ్గర మొదలైన ధ్యానం

రెండేళ్ళ కిందట ఇడ్లీ తింటుంటే నా పన్ను అంచు విరిగింది. డెంటిస్ట్ నోరంతా చూసి, చిన్న అద్దం చేతికిచ్చి, "మేడం, మీరు నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు, పై వరుస ఎలా అరిగిపోయిందో చూడండి" అన్నారు. పొద్దున లేవగానే కణతలు లాగడం, చెవి కింద సలుపు... ఇవన్నీ కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల వచ్చే తలనొప్పి అనుకుని ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతూ వచ్చాను. రాత్రిపూట పెట్టుకోవడానికి నైట్ గార్డ్, అంటే పళ్ళు అరగకుండా వాటికి వేసుకునే తొడుగు, చేయించి ఇచ్చారు. వచ్చేస్తుంటే "కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. అందరూ అనే మాటే, కానీ ఎలా తగ్గించుకోవాలో అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

మేముండేది వనస్థలిపురంలో. నాగార్జునసాగర్ రోడ్డులో విపశ్యన అనే ధ్యాన పద్ధతి నేర్పే ధమ్మఖేత్త కేంద్రం ఉంది కదా, 1976 నుంచీ ఉంది, ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు, ఒక్కసారీ ఆగలేదు. ఈసారి పది రోజుల కోర్సుకి దరఖాస్తు పెట్టాను. అత్తమ్మ "వెళ్ళిరా అమ్మా, బాబుని నేను చూసుకుంటా" అనకపోతే కుదిరేది కాదు.

అక్కడ ఫీజు లేదు. ఫోన్ ముందే తీసుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, ఎవరితోనూ మాట్లాడకూడదు. మొదటి మూడున్నర రోజులు చేసేదల్లా ముక్కు దగ్గర ఊపిరి ఎలా వస్తోందో, ఎలా పోతోందో గమనించడమే. మనసు పారిపోతుంది, పట్టుకొచ్చి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టాలి. నాలుగో రోజు నుంచి తల మొదలు కాలివేళ్ళ దాకా ఒక్కో భాగం మీదా ధ్యాస పెడుతూ పోవాలి.

అలా పోతూ దవడ దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. పళ్ళు గట్టిగా బిగించి ఉన్నాయి. నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది. చేయాల్సిన పని లేదు, అడిగేవాళ్ళు లేరు, ఆ నిశ్శబ్దంలో కళ్ళు మూసుకుని కూర్చున్నా సరే బిగించే ఉన్నాను! వదిలాను. కాసేపటికి చూస్తే మళ్ళీ బిగింపే. ఆ గంటలో ఎన్నిసార్లు వదిలానో. ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉన్నా పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదట, ఈ మాట తర్వాత డెంటిస్టే చెప్పారు. నాకైతే అవి విడిగా ఉన్న క్షణం గుర్తు కూడా లేదు.

ఈ పద్ధతిని మన దేశంలో మళ్ళీ నేర్పిన గోయెంకా గారు పుట్టింది బర్మాలో. ఆయనది వ్యాపార కుటుంబం. భరించలేని మైగ్రేన్‌తో 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళితే, ఒంటి జబ్బు నయం చేసుకోవడానికైతే ఇక్కడికి రావద్దని ఆయన మొదట ఒప్పుకోలేదు. ఆ తర్వాత గోయెంకా గారు కోర్సు చేశారు, తలనొప్పీ పోయింది. నాకు మాత్రం గురువు మొదట వద్దన్న ఆ ఘట్టమే ఎక్కువ ఇష్టం. నేనూ దవడ నొప్పి కోసమే కదా వెళ్ళింది.

ఒంట్లో జరిగేది పెద్ద రహస్యమేం కాదు. వీధికుక్క వెంటపడితే గుండె వేగం పెరిగి కండరాలు బిగుసుకుంటాయి. మేనేజర్ మెయిల్ చూసినా శరీరం కొంతవరకు అదే చేస్తుంది, కాకపోతే పరిగెత్తడం ఉండదు కాబట్టి ఆ బిగువంతా భుజాల్లోనో, మెడలోనో, నాలాంటివాళ్ళకి దవడలోనో ఉండిపోతుంది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదిలితే కుదుటపడినట్టుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ధ్యానం మీద జరిగిన 47 అధ్యయనాలను, అంటే మూడున్నర వేల మందికి పైగా పాల్గొన్నవాటిని, కలిపి చూసి 2014లో ఒక సమీక్ష వచ్చింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంతవరకు తగ్గుతాయని తేలింది. మందులకన్నా, వ్యాయామం కన్నా బాగా పనిచేస్తుందని మాత్రం తేలలేదు. మా బాబాయి ధ్యానం మొదలుపెట్టి బీపీ మాత్ర మానేశారు, రెండు నెలలకి చూపిస్తే పై అంకె 180 దాటింది. దండం పెడతాను, ఆ పని చేయకండి. మానసిక సమస్యలకి మందులు వాడుతున్నవాళ్ళు ఇలాంటి పది రోజుల కోర్సుకి వెళ్ళేముందు డాక్టర్‌ని తప్పకుండా అడగండి, దరఖాస్తులో ఆ వివరాలు అడిగేది ఊరికే కాదు.

ఇంటికి వెళ్ళాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని అక్కడ చెప్తారు. నాకు కుదరడం లేదు. పొద్దున పాతిక నిమిషాలు కూర్చుంటాను, అంతే. మిగతాది మెట్రోలో. ఎల్బీ నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగి, ఆ రద్దీలో రాయదుర్గం రైలు కోసం నిలబడ్డప్పుడు దవడ చూసుకుంటాను. దాదాపు ఎప్పుడూ బిగించే ఉంటుంది. వదులుతాను.

నాకు దొరికిన పెద్ద లాభం ఇంట్లో కనపడింది. మా బాబు లెక్కలు చేస్తూ ఏడో ఎక్కం మూడోసారి తప్పు చెప్పాడు అనుకోండి, నా నోట్లోంచి మాట వచ్చేలోపే పళ్ళు బిగుసుకుంటాయి. కోపం ముందు అక్కడికే వస్తుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది, ఆ ఒక్క క్షణం దొరుకుతోంది. దవడ వదిలి మాట్లాడితే వచ్చే గొంతే వేరు. రోజూ అలా జరగదు, మొన్న కూడా అరిచాను, తర్వాత వాడి పక్కన కూర్చుని సారీ చెప్పాను.

నిద్రలో మాత్రం ధ్యాస నా చేతిలో ఉండదు. నైట్ గార్డ్ మీద ఇంకా గాట్లు పడుతూనే ఉన్నాయి, కాకపోతే మొదటిది ఏడు నెలలకే చిల్లు పడితే, రెండోది ఏడాది దాటినా నిలిచింది. రేపు రాత్రికీ అది పెట్టుకునే పడుకుంటాను.